తప్పు లెక్కల మాస్టారు

మా బోటనీ మాస్టారు పోయారని ఫోనులో తెలిసింది. కాలేజీలో కలిసి చదువుకున్నవాళ్ళం పెట్టుకున్న గ్రూపులో ఎవరో ఆయన ఫొటో పెట్టారు. దాని కింద వరసగా దండం పెడుతున్న చేతుల బొమ్మలు. నేనప్పుడు తాడేపల్లిగూడెంలో, నేను సైన్సు చెప్పే బడిలో, స్టాఫ్ రూములో కూర్చుని పదో తరగతి పేపర్లు దిద్దుతున్నాను. చేతిలో ఉన్న పేపర్లో ఒక అమ్మాయి నాలుగు గళ్ళు గీసి, మూడింట్లో పొడుగు మొక్కలు, ఒకదాంట్లో పొట్టి మొక్క వేసి, "కాబట్టి మూడు పొడుగు మొక్కలు పుట్టాక నాలుగోది తప్పకుండా పొట్టిదే పుడుతుంది" అని రాసింది. ఆ వాక్యం కింద ఎర్రగీత గియ్యడానికి నా చెయ్యి రాలేదు. ఆ తప్పు ఎంత దూరం పోతుందో నాకు తెలిసినంతగా ఈ చుట్టుపక్కల ఇంకెవరికీ తెలియదనుకుంటాను.

మా ఇంట్లో ఆయన్ని పేరుతో అనరు. తప్పు లెక్కల మాస్టారు అంటారు. ఇరవై ఏళ్ళుగా అదే పిలుపు. నేనూ ఇక్కడ ఆయన అసలు పేరు రాయడం లేదు. రాసే మొహం నాకు లేదు.

ఏలూరులో నేను ఇంటరూ డిగ్రీ చదివిన కాలేజీలో ఆయన లెక్చరర్. సన్నటి మనిషి. ఎప్పుడూ కిందేదో పారేసుకున్నట్టు వంగి నడిచేవారు. అందరి చొక్కా జేబులో పెన్ను ఉంటుంది. ఆయన జేబులో మాత్రం ల్యాబులో వాడే సన్నటి ఫోర్సెప్స్, రంగు రంగుల దారాల ఉండ ఒకటి. సంతకం పెట్టాల్సి వస్తే మా దగ్గర పెన్ను తీసుకునేవారు, తిరిగి ఇవ్వడం మరిచిపోయేవారు. క్యాంటీన్లో టీ పుచ్చుకుని, చల్లారేదాకా ఊదుకుంటూ కూర్చుని, చివరికి ఒక గుక్క తాగి, "ఏవండీ, చల్లారిపోయిన టీ ఇచ్చారేంటండీ" అని క్యాంటీను ఆయన్నే అడిగేవారు. క్యాంటీను ఆయన మారుమాట్లాడకుండా మళ్ళీ వేడి చేసి ఇచ్చేవాడు. ఆ మనిషి మీద కోపం తెచ్చుకోవడం ఎవరికైనా కష్టమే. మా వాళ్ళకి తప్ప.

ల్యాబు వెనక ఖాళీ స్థలంలో నూనె డబ్బాలు సగానికి కోయించి, వాటిలో చంద్రకాంతలు పెంచేవారు. మన పెరళ్ళలో ఎవరూ నాటకుండానే మొలిచే చంద్రకాంతలు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని మిగతా లెక్చరర్లు నవ్వుకునేవారు. ప్రిన్సిపాలుగారు ఒకరోజు మా ముందే అడిగారు.

"ఏవండీ, ఇంత చోటుందిగా, నాలుగు గులాబీలు వెయ్యొచ్చు కదండీ. ఈ పిచ్చిమొక్కలెందుకండీ?"

"గులాబీలు చూసుకోడానికండీ. ఇవి చదువుకోడానికండీ" అన్నారు మాస్టారు, డబ్బాలోంచి తల ఎత్తకుండానే.

చంద్రకాంత సాయంత్రం నాలుగు దాటితే గాని విచ్చుకోదు. అందుకని ఆయన మధ్యాహ్నం రెండింటికే, ఎండలో గొడుగు మెడకీ భుజానికీ మధ్య ఇరికించుకుని, తెల్ల పువ్వు మొగ్గని ఫోర్సెప్స్‌తో చీల్చి, లోపలి పుప్పొడి తిత్తులు ఒక్కొక్కటే లాగేసేవారు. పైన కాగితం సంచి తొడిగేవారు. సాయంత్రం ఆ సంచి తీసి, ఎర్ర పువ్వు పుప్పొడి తెచ్చి అద్ది, మళ్ళీ తొడిగి, కాడకి దారం కట్టేవారు. ఒక పువ్వుకి ఒకటే గింజ వస్తుంది, మిరియమంత. ఒక్క గింజ కోసం ఇంత తతంగమా అని మాకు నవ్వొచ్చేది. "ముహూర్తం మనం పెట్టాలంటే అది కళ్ళు తెరవక ముందే మనం నిద్ర లేవాలమ్మా" అనేవారు.

ఎర్రదాన్నీ తెల్లదాన్నీ కలిపితే పుట్టినవన్నీ గులాబిరంగు పూలు పూస్తాయి. ఆ గులాబిరంగు వాటిని రెంటిని కలిపితే అప్పుడొస్తుంది తమాషా. కొన్ని ఎర్రవి, కొన్ని తెల్లవి, సగానికి సగం గులాబివి. తెలుపు ఎక్కడికీ పోలేదన్నమాట. గులాబిరంగు వెనక దాక్కుని ఉంది. గింజలు నాటిన రోజే మాస్టారు ఒక చీటీ మీద ఏ రంగువి ఎన్ని వస్తాయో రాసి, మడిచి, ఖాళీ సిరాబుడ్డిలో పడేసి మూత పెట్టేవారు. పూలు పూసిన రోజు మా చేత లెక్కపెట్టించి, అప్పుడు చీటీ తీయించేవారు. లెక్క సరిపోతే మేం చప్పట్లు కొట్టేవాళ్ళం. ఆయన మాత్రం ఊరికే తలాడించి ఊరుకునేవారు. సరిపోనప్పుడే ఆయనకి సంతోషం. ఒకసారి అయిదు రావలసిన చోట ఎనిమిది తెల్లవి వచ్చాయి. ఆయన ఆ డబ్బాల చుట్టూ రెండుసార్లు తిరిగి, ముసిముసిగా నవ్వుకుంటూ వెళ్ళిపోయారు. లెక్క తప్పితే ఈయనకింత సంబరమేమిటని మేం చెవులు కొరుక్కున్నాం. అడిగి తెలుసుకుందామన్న బుద్ధి మాలో ఒక్కరికీ పుట్టలేదు.

మనుషుల మీదా లెక్కలు కట్టేవారు ఆ రోజుల్లో. హాజరు పిలుస్తూ పిలుస్తూ ఆగి, "నీ చెవితమ్మె మీ నాన్నగారిది కాదమ్మా, అమ్మగారిదే అయ్యుంటుంది, ఆదివారం చూసి రా" అనేవారు. మేం నిజంగానే ఇంటికి వెళ్ళి చెవులు చూసి వచ్చేవాళ్ళం.

ఇక మా ఇంటి సంగతి చెప్పాలి.

మా ఊరు ముదినేపల్లి పక్కన. మా అక్కని మా మేనత్త కొడుక్కే ఇచ్చారు, మండవల్లి దగ్గరికి. పొలం గట్టు పొలానికే కలిసిందని నాయనమ్మ మురిసిపోయింది. ఇటు కొడుకు ఇల్లు, అటు కూతురి ఇల్లు, రెంటికీ పెద్ద ఆవిడే. అక్కకి మొదట మగపిల్లాడు పుట్టాడు. ఏడాది నిండకుండానే పాలిపోయాడు. తలసేమియా అన్నారు. మూడు వారాలకోసారి ఏలూరు తీసుకెళ్ళి రక్తం ఎక్కించాలి, బతికినన్నాళ్ళూ. అది అక్కలోనూ బావలోనూ పైకి కనపడకుండా దాక్కుని ఉందని, ఇద్దరి దగ్గర్నించీ వస్తేనే పిల్లాడికి జబ్బవుతుందని డాక్టరుగారు చెప్పారు. మళ్ళీ నెల తప్పితే మూడో నెలలోనే హైదరాబాద్ వెళ్ళి, కడుపులో బిడ్డకి జబ్బుందో లేదో పరీక్ష చేయించుకోమని, ఆలస్యం చెయ్యొద్దని కాగితం కూడా రాసిచ్చారు.

వాడికి రెండున్నరేళ్ళప్పుడు అక్కకి మళ్ళీ నెల తప్పింది. నేనప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం.

ఆ శనివారం ఆఖరి గంటలో మాస్టారు చంద్రకాంతల పాఠం చెప్పారు. బోర్డు మీద నాలుగు గళ్ళు గీశారు. గులాబిరంగు పువ్వునీ గులాబిరంగు పువ్వునీ కలిపితే ఒకటి ఎరుపు, రెండు గులాబి, ఒకటి తెలుపు. నా ఒళ్ళు జల్లుమంది. అక్కా బావా గులాబి పూలు, పిల్లాడు తెల్ల పువ్వు. ఇంత సులువా ఇది! నోటుబుక్కులో శ్రద్ధగా దించుకున్నాను. ఇంతలో గంట కొట్టారు. మాస్టారు సుద్దముక్క బల్ల మీద పెట్టి చేతులు దులుపుకుంటూ, "మిగతాది సోమవారం చెప్పుకుందాం. అసలు సంగతి సోమవారందే" అన్నారు. నేను అప్పటికే సంచీ భుజాన వేసుకున్నాను. బస్సుకి వేళవుతోంది.

ఆదివారం వాన పట్టుకుంది. కొల్లేరు పొంగి కైకలూరు రోడ్డు మీదికి నీళ్ళొచ్చాయి, బస్సులు ఆపేశారు. పదిరోజులు నేను ఇంట్లోనే ఉండిపోయాను. అక్కా పుట్టింట్లోనే ఉంది. ఆ పదిరోజులూ ఇంట్లో ఒకటే మాట, హైదరాబాద్ ఎలా వెళ్ళడం. ఏలూరు దారి లేకపోతే గుడివాడ వెళ్ళి అక్కడ రైలెక్కుదామని నాన్న. కడుపులో సూది గుచ్చుతారట, ఉన్న పిల్ల కాస్తా పోతే ఎవరిది బాధ్యత అని నాయనమ్మ. అక్క పిల్లాణ్ణి ఒళ్ళో పెట్టుకుని వాన చూస్తూ కూర్చునేది.

నేను ఊరుకోవచ్చుగా. తెలిసీ తెలియని చదువు నోరు ఊరుకోనివ్వదు. నాయనమ్మ అష్టాచెమ్మా ఆడే చింతపిక్కలు తెచ్చి, అందరి ముందూ వీధి వసారాలో కూర్చున్నాను. అవి సగానికి అరగదీసినవి, ఒక పక్క నలుపు, ఒక పక్క తెలుపు. నాలుగు పిక్కలు వరసగా పెట్టి, ఒకదాన్ని మాత్రం తెలుపు పైకి తిప్పాను. మాస్టారు చెప్పిన పాఠమంతా అప్పజెప్పాను. విసరాల్సిన పిక్కల్ని పేర్చి చూపించానని నాకు తోచలేదు.

"అంటే ఏంటే? ఆ పాడుది పెద్దాడితో పోయినట్టేనా?" అంది నాయనమ్మ.

"నాలుగింట ఒకటే నాయనమ్మా. ఆ ఒకటీ వచ్చేసింది. ఇంక మూడూ మంచివే."

"నీకెవరు చెప్పారే?"

"మా మాస్టారు చెప్పారు. బోర్డు మీద వేసి మరీ చెప్పారు."

నాన్న నా నోటుబుక్కు తీసుకుని, ఆ గళ్ళని చాలాసేపు చూశారు. ఆయనకి ఆ అక్షరాలు అర్థం కావు. కానీ రెండేళ్ళుగా ఆయన మొహంలో లేని వెలుతురు అప్పుడు చూశాను. "చదువు చెప్పించినందుకు మంచి కబురు చెప్పావమ్మా" అన్నారు. ఆ రాత్రి ఇంట్లో అందరం కడుపునిండా తిన్నాం. నీళ్ళు తీసేశాక ఇంకా వ్యవధి ఉంది, వెళ్ళాలంటే వెళ్ళొచ్చు. ఆ మాట ఎవరూ ఎత్తలేదు. డాక్టరుగారి కాగితం క్యాలెండరు వెనక మేకుకి వేలాడుతూ ఉండిపోయింది.

సోమవారం పాఠం ఏమిటని నేను ఎవర్నీ అడగలేదు. తిరిగి వెళ్ళేసరికి క్లాసు వేరే పాఠంలో ఉంది. నోటుబుక్కులో ఒక పేజీ ఖాళీగా వదిలి ముందుకెళ్ళిపోయాను. పరీక్షలో గళ్ళ ప్రశ్నే వచ్చింది, మార్కులూ వచ్చాయి.

అక్కకి ఆడపిల్ల పుట్టింది. బొద్దుగా, ఎర్రగా ఉంది. ఎనిమిదో నెలలో ఆ ఎరుపు పోయింది.

అప్పటికి నేను అదే కాలేజీలో డిగ్రీలో చేరాను. కబురు తెలిసిన రోజు నోటుబుక్కు పట్టుకుని ల్యాబుకి వెళ్ళాను. మాస్టారు ఒక్కరే ఉన్నారు, గింజలు ఆరబోసుకుంటున్నారు. పుస్తకం ఆయన ముందు పడేశాను. పడేశాననే రాయాలి, పెట్టలేదు.

"మీరు చెప్పిందే రాసుకున్నానండి. మా ఇంట్లోవాళ్ళకి అదే చెప్పాను. మా అక్క పరీక్ష మానేసింది. రెండోపిల్లకి కూడా వచ్చిందండి. మీ లెక్క తప్పండి" అన్నాను. ఏడుస్తూ అరిచాను. ఆయన మీద గొంతెత్తిన విద్యార్థిని నేనొక్కదాన్నే అయ్యుంటాను.

ఆయన ఆ పేజీ చదివారు. తేదీ చూశారు. పేజీ తిప్పారు. ఖాళీ పేజీ. దాని మీద చెయ్యి వేశారు.

"సోమవారం రాలేదామ్మా నువ్వు?"

"బస్సుల్లేవండి."

ఆయన తల పంకించారు. గింజల పళ్ళెం పక్కకి జరిపి, నన్ను కూర్చోమన్నారు. అప్పుడు చెప్పారు సోమవారం పాఠం, ఏడాది పైన ఆలస్యంగా. "నాలుగింట ఒకటన్నది పొలానికమ్మా. గింజకి కాదు. పక్క గింజ ఏ రంగు పూసిందో ఈ గింజకి తెలియదు. ప్రతి గింజా మళ్ళీ మొదటి గింజే." అంతే, రెండు ముక్కలు. ఆ రెండు ముక్కలూ నేను ఆ వసారాలో చెప్పి ఉంటే అక్క హైదరాబాద్ వెళ్ళేది. వెళ్ళి ఉంటే ఈ పిల్ల ఉండేది కాదేమో. ఇక్కడికి వచ్చేసరికి నా ఆలోచన ఇప్పటికీ ముందుకు పోదు, ఆ పిల్లంటే నాకు ప్రాణం కాబట్టి.

నా తప్పని తెలిసిపోయింది. "ఇంట్లో ఏమని చెప్పనండి?" అన్నాను.

"నువ్వేం చెప్పకు. సగం పాఠం చెప్పి పంపించింది నేను. నేనే వస్తాను" అన్నారు.

వచ్చేస్తారని నేననుకోలేదు. ఆదివారం పొద్దున బస్సు దిగి, చెప్పులు వీధిలోనే విడిచి, వసారా మెట్టు దగ్గర నిలబడ్డారు. లోపలికి రమ్మన్నా రాలేదు. నాన్న, నాయనమ్మ, బావ, పసిదాన్ని ఎత్తుకుని గుమ్మంలో అక్క. నేను తలుపు వెనక.

"ఏవండీ, నేను మీ అమ్మాయికి పాఠం చెప్పే మాస్టార్నండి. ఆ లెక్క నేను తప్పు చెప్పానండి. పిల్ల చెప్పినట్టే విందండి. అందులో పిల్ల తప్పేమీ లేదండి" అన్నారు.

మా వైపు మనుషులు కోపంలోనూ గారూ అండీ వదలరు. అందుకే అది ఇంకా గట్టిగా తగులుతుంది. నాన్న నెమ్మదిగానే అన్నారు. "మీరు జీతం తీసుకునే చదువు చెబుతున్నారాండీ? మీ పాఠం విని మా ఇంట్లో రెండో దీపం కూడా కొడిగట్టిందండి. తమరు వెళ్ళిరండి." నాయనమ్మ లేచి లోపలికి వెళ్ళిపోయింది. ఆవిడ మంచినీళ్ళు తెస్తుందేమోనని ఆయన కాసేపు చూశారు. మా ఇంటికి కరెంటు మీటరు చూసేవాడొచ్చినా మజ్జిగ ఇచ్చి పంపుతారు. ఆయనకి ఎవరూ ఏమీ ఇవ్వలేదు.

ఆయన చేతులు జోడించి, చెప్పులేసుకుని, వచ్చిన దారినే వెళ్ళిపోయారు. అప్పుడైనా నేను తలుపు ఇవతలికి వచ్చి, ఆయన తప్పేమీ లేదు, నేనే సగం విని చెప్పానని అనాలి. అనలేదు. భయం వేసింది. నాన్న మొహంలో ఆ వెలుతురు తెచ్చింది నేను. అది ఆర్పింది కూడా నేనేనని ఒప్పుకునే ధైర్యం లేకపోయింది. ఒకరోజు దాటితే రెండోరోజు ఇంకా కష్టం. అలా ఇరవై ఏళ్ళు దాటించాను.

ఆ తర్వాత మాస్టారు మారిపోయారు. చెవితమ్మెల మాట మానేశారు. ఎవరైనా జూనియర్లు ఇంట్లోవాళ్ళ పోలికల గురించి అడిగితే, "మనుషుల లెక్కలు నాకు రావమ్మా" అనేవారు. నాలుగు గళ్ళ పాఠం రోజు మాత్రం గంట కొట్టినా వదిలేవారు కాదు. తలుపు దగ్గరికి వేసి, ముందు రూపాయి బిళ్ళ ఎగరేయించి, బొమ్మా బొరుసూ రాయించి, ఇప్పటిదాకా ఏం పడిందో బిళ్ళకి గుర్తుంటుందా అని ఒక్కొక్కళ్ళనీ లేపి అడిగి, లేదండీ అని అందరి చేతా అనిపించాకే తలుపు తీసేవారు. బస్సు పోతుందని గొణిగినవాళ్ళకి తనే డబ్బులిచ్చి ఆటో ఎక్కించేవారు. చాదస్తం ఎక్కువైందనుకున్నారు తోటివాళ్ళు. ఆ చాదస్తం ఏ రోజు మొదలైందో నాకొక్కదానికే తెలుసు.

అక్క పిల్లలకి రక్తం ఎక్కించే రోజున ఆస్పత్రికి వచ్చేవారు. తను ఇవ్వగలిగినప్పుడల్లా తనే ఇచ్చేవారు, లేకపోతే కాలేజీ నుంచి ఇద్దరు ముగ్గురిని వెంటబెట్టుకొచ్చేవారు. వార్డు బయట బెంచీ మీద, అక్కకి ఎదురుగా, తల దించుకుని కూర్చునేవారు. అక్క ఆయన్ని మాటలనేది. నేను చాలాసార్లు విన్నాను. "మళ్ళీ వచ్చారాండీ? ఇంకా ఏం లెక్కలు మిగిలాయండీ?" అనేది. బాబు పోయిన ఏడు మరీ దారుణంగా అంది. వాడు పదకొండో ఏట పోయాడు. ఎక్కించిన రక్తంలోని ఇనుము గుండెలో పేరుకుపోయిందన్నారు. మా ఊళ్ళో వాడి కార్యక్రమం జరుగుతుంటే ఆయన గేటు బయట, రోడ్డుకి అవతల, చివరిదాకా నిలబడి వెళ్ళారు. అక్క అక్కడినుంచే కేక వేసి తిట్టింది. ఆయన గొడుగు దించుకుని విన్నారు.

పాపకి మాత్రం ఆయనంటే ఇష్టం. తాతగారూ అనేది. ఆయన చేతి నరం నర్సుకి ఎప్పుడూ ఒక పట్టాన దొరకదని నవ్వేది. అరవై అయిదు దాటాక ఇంక మీ రక్తం తీసుకోమని ఆస్పత్రివాళ్ళు అంటే, ఊరికే వచ్చి కూర్చునేవారట. ఈ మధ్య అది కూడా తగ్గిందని పాపే చెప్పింది.

ఫొటో వచ్చిన మూడోరోజు పాపకి రక్తం ఎక్కించే రోజు. బడికి సెలవు పెట్టి ఏలూరు వెళ్ళాను. దారి పొడుగునా ఒకటే అనుకున్నాను, ఈవేళ చెప్పెయ్యాలి. బతికుండగా ఆయన మీది నింద తియ్యలేకపోయాను. పోయినవాడి మీద కూడా ఉంచితే నేను మనిషిని కాను.

అక్క బెంచీ మీద కూర్చుని ఉంది. జుట్టు సగం నెరిసింది. ఎదుటి బెంచీ ఖాళీగా ఉంది. లోపల పాప పడుకుని ఫోను చూసుకుంటోంది. అక్క పక్కన కూర్చున్నాను.

"మాస్టారు పోయారు, తెలుసా?"

"పాప చెప్పింది. పొద్దుట్నుంచీ ఏడుస్తోంది" అంది.

"అక్కా, ఆయన తప్పు చెప్పలేదే. మిగతాది సోమవారం చెప్తానన్నారు. నేను ఆ సోమవారం వెళ్ళలేదు. ఎవర్నీ అడగలేదు కూడా. సగం విని వచ్చి, అంతా తెలిసినట్టు నీకు చెప్పాను. ఆయన వచ్చి తన మీద వేసుకుంటే నేను తలుపు వెనకే ఉండిపోయాను."

అక్క నా వంక తిరగలేదు. "నాకు తెలుసే" అంది.

"ఎలా?" అన్నాను.

"ఇక్కడ పెద్ద నర్సమ్మ ఉండేది చూడు, ఆవిడా ఆయన దగ్గరే చదువుకుందట, నీకంటే చాలా ముందు. బాబు పోయిన ఏడే చెప్పింది. మాస్టారు తప్పు చెప్పడమేంటండీ, ఆ ముక్క పదిసార్లు చెప్పేవారండీ అంది. అప్పుడర్థమైంది నాకు, నువ్వేం చేశావో."

"మరి నన్ను అడగలేదేం?"

"అడిగితే నువ్వు నిజం చెప్పేదానివి. చెప్పాక నీ మొహం ఎలా చూడను? పెద్దాణ్ణి అప్పుడే కాటికి పంపాను. నువ్వు కూడా పోతే నాకు పుట్టిల్లనేది ఉండేదా? ఆయన్నే అడిగాను. ఎందుకండీ మీరు పడుతున్నారు ఈ మాటలు అని. ఆయన ఏమన్నారో తెలుసా? నేను పరాయివాణ్ణమ్మా, పరాయివాణ్ణి తిట్టుకుంటే ఇల్లు నిలబడుతుంది, తిట్టండి అన్నారు."

అక్క కొంగుతో మొహం తుడుచుకుంది.

"అందుకని తిట్టాను. తెలిసి తెలిసి పన్నెండేళ్ళు తిట్టాను. ఈ బాధ ఎక్కడో అక్కడ పారబొయ్యకపోతే నేను బతకలేనే. ఆయన వచ్చి కూర్చునేవారు. ఇప్పుడెవర్ని తిట్టుకోను? నువ్వే చెప్పు."

నేను లేచాను. వెళ్ళి ఎదుటి బెంచీ మీద కూర్చున్నాను. "నన్ను తిట్టు" అన్నాను.

అక్క నా వంక చూసింది. తిట్టదనుకున్నాను. చిన్నప్పటినుంచీ నన్ను ఒక్క మాట అనని మనిషి. మొదట చిన్నగా, ఎవరితోనో మాట్లాడుతున్నట్టుగా మొదలుపెట్టింది. తర్వాత గొంతు పెరిగింది. బాబు పేరు పెట్టి తిట్టింది. నాలుగు గళ్ళనీ, నా చదువునీ, నేను వేసుకున్న చీరనీ తిట్టింది. వార్డులోంచి మనుషులు తొంగి చూశారు. పాప కూడా సూది ఉన్న చెయ్యి అలాగే పెట్టుకుని లేచి కూర్చుని చూసింది. నేను తల దించుకుని కూర్చున్నాను.